కొండలు మానకుండానే మారథాన్ పూర్తి చేయించినవాళ్లకి

మే నెలాఖరు ఆదివారం ఎడిన్‌బరో మారథాన్ పూర్తి చేశాను. ఫోటో పెట్టగానే అభినందనలు చెప్పిన అందరికీ థాంక్స్. టైమ్ అడిగినవాళ్లకి: నాలుగున్నర గంటల లోపే, అంతకుమించి గొప్పగా చెప్పుకునేదేమీ లేదు. కానీ చాలామంది ఇంకో ప్రశ్న అడిగారు: "శనివారం వస్తే చాలు ఏదో ఒక కొండ మీద కనిపిస్తావు, మరి ప్రాక్టీస్ ఎప్పుడు చేశావే?" దానికి జవాబు నా ఒక్కదాని దగ్గర లేదు. కొంతమంది దగ్గర తలా కాస్త ఉంది. వాళ్లకి నలుగురిలో కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు పెట్టొద్దని ఇద్దరు ముందే గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరికి వాళ్లకి తెలిసిపోతుంది. తెలుగు రానివాళ్లకి నేనే చదివి చెబుతాను, పరువు తీసే వాక్యాలు మినహాయించి.

ఉద్యోగం మీద స్కాట్లాండ్ వచ్చిన ఎవరికైనా ఏడాది తిరక్కుండానే కొండల పిచ్చి పడుతుంది. ఇక్కడ 3000 అడుగులు దాటిన కొండల్ని మన్రోలు అంటారు. 1891లో సర్ హ్యూ మన్రో అనే ఆయన వాటికి లిస్టు వేశాడు. చేర్పులూ తీసివేతలూ అయ్యాక ఇప్పుడు 282 ఉన్నాయి. ఆఫీసులో టీ దగ్గర "నీవెన్నయ్యాయి?" అని అడగడం ఇక్కడ మామూలు. నాకు ఆ లెక్క మీద పెద్ద మోజు లేదు. ఎక్కినదే మళ్లీ ఎక్కినా నాకు ఆనందమే. 2003లో వచ్చిన చట్టం వల్ల ఇక్కడ బాధ్యతగా నడుచుకుంటే దాదాపు ఏ కొండ మీదైనా, ఎవరి భూమైనా, తిరగొచ్చు. మన దగ్గర గేటూ తాళమూ చూసి పెరిగినదాన్ని, ఆ స్వేచ్ఛ నాకు ఇప్పటికీ వింతే.

మరోపక్క పరుగు. మారథాన్‌కి పేరు ఇచ్చాక నెట్‌లో దొరికిన ప్లాన్లన్నీ ఒకే పాట పాడాయి: వారానికి నాలుగైదు పరుగులు, ఆదివారం లాంగ్ రన్, అది వారం వారం పెరుగుతూ 30 కిలోమీటర్లు దాటాలి. శనివారం కొండ దిగి వచ్చిన కాళ్లు ఆదివారం పొద్దున మంచం దిగడానికే మొరాయిస్తే ఇక 30 కిలోమీటర్లు ఏం పరిగెడతాయి? తెలిసినవాళ్లంతా ఇచ్చిన సలహా ఒకటే, రేసు అయ్యేదాకా కొండలు మానెయ్యమని. ఆ సలహాలో న్యాయం ఉంది. కానీ ఊరుగాని ఊళ్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. వారమంతా స్క్రీనూ నేనూ. నలుగురితో కలిసి తినేది, నవ్వేది ఆ శనివారం ఒక్కరోజే. అది కూడా తీసేస్తే మెడల్ వచ్చాక చూపించుకోవడానికి ఎవరుంటారు?

మొదటి కృతజ్ఞత మా రన్నింగ్ క్లబ్ మేస్టారికి. రిటైరైన మనిషి, పైసా తీసుకోకుండా మంగళవారం సాయంత్రాలు హోలీరూడ్ పార్కులో మా చేత ఎక్కుడు పరుగులు తీయిస్తారు. ఊరి మధ్యలో ఉన్న ఆర్థర్స్ సీట్ అనే పాత అగ్నిపర్వతం ఎత్తు 251 మీటర్లే గానీ, దాన్ని చుట్టి వెళ్లే రోడ్డు చలికాలంలో ప్రాణం తీస్తుంది. నేను ప్రింట్ తీసి పట్టుకెళ్లిన ప్లాన్‌ని ఆయన కాసేపు చూసి, మడిచి నా చేతికే ఇచ్చేశారు. జేబులోంచి కరెంటు బిల్లు వచ్చిన కవరు తీసి, వెనక పక్క పెన్సిల్‌తో ఆరు గీతలు గీశారు. ఆదివారాల గడుల్లో మైళ్లు లేవు, గంటలు ఉన్నాయి. మూడు వారాలకొకసారి శనివారం గడిలో "కొండ, 5 గంటలు, మాట్లాడుకుంటూ" అని ఉంది. దాని పక్కన ఆదివారం గడిలో పెద్ద సున్నా.

ఆయన లెక్క ఇది, ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. ఎక్కేటప్పుడు గుండే ఊపిరీ బాగా పనిచేస్తాయి, కీళ్ల మీద దెబ్బ మాత్రం తక్కువ. అంటే గంటల తరబడి ఎక్కడం కూడా ఒకరకం లాంగ్ రన్నే. అసలు దెబ్బ దిగేటప్పుడు. తొడ ముందు కండరాలు బరువు మోస్తూనే సాగుతాయి కాబట్టి ఆ నొప్పులు మర్నాటి నుంచి రెండు మూడు రోజులు వేధిస్తాయి. అందులో ఒక మేలు కూడా ఉంది. ఒకసారి ఆ దెబ్బ తిన్న కండరం కొన్ని వారాల పాటు అలాంటి దెబ్బని తేలిగ్గా తట్టుకుంటుంది. అందుకే కొండని పూర్తిగా మానకూడదు, అలాగని వారం వారం దంచకూడదు. పెద్ద కొండ ఉన్న వారం లాంగ్ రన్ ఉండదు. కొండ లేని వారం ఉంటుంది. నాలుగో వారం అన్నీ తగ్గించడం. రేసుకి ముందు మూడు వారాలు పెద్ద కొండలు బంద్. ఆ మూడు వారాలూ నేను మొహం మాడ్చుకుని తిరిగానని క్లబ్బులో అందరికీ తెలుసు.

కొండకి ఎంతసేపు పడుతుందో ముందే ఎలా తెలుస్తుందంటే దానికి ఇక్కడ పాత సూత్రం ఒకటుంది. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పింది: మూడు మైళ్లకి గంట, పైగా ఎక్కే ప్రతి 2000 అడుగులకి ఇంకో గంట. మీటర్లలో రమారమి ఐదు కిలోమీటర్లకి గంట, 600 మీటర్ల ఎక్కుడుకి గంట అనుకోవచ్చు. షిహాలియన్ కొండకి వెళ్లి రావడానికి సుమారు పది కిలోమీటర్లు, 750 మీటర్ల ఎక్కుడు. సూత్రం ప్రకారం మూడుంపావు గంటలు. పైన రాళ్ల గుట్టల మీద తడబడటం, తిండి, ఫోటోలు కలిపితే మాకు ఐదు. మేస్టారు రాసిన ఐదు గంటలు సరిగ్గా అలా సరిపోయాయి. అన్నట్టు ఆ షిహాలియన్ మామూలు కొండ కాదు. 1774లో నెవిల్ మాస్కెలిన్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆ కొండకి రెండు పక్కలా తూకపు దారం వేలాడదీసి, కొండ దాన్ని ఎంత లాగుతోందో కొలిచి, భూమి ఎంత బరువో లెక్క కట్టించాడు. ఆ లెక్కలు చేసిన చార్లెస్ హట్టన్ ఒకే ఎత్తులో ఉన్న చోట్లని గీతలతో కలిపాడు. ఈ రోజు మా ఫోన్ మ్యాపులో కనిపించే గీతలు ఆ బాపతే. కొండ మీద ఈ కథ చెప్పి అందరికీ బోర్ కొట్టించింది నేనే, ఇక్కడ కూడా వదల్లేదు, క్షమించాలి.

రెండో కృతజ్ఞత కోర్‌స్టర్ఫిన్‌లో ఉండే అక్కకీ బావగారికీ. నాకు కారు లేదు. పెంట్‌లాండ్ కొండలకైతే సిటీ బస్సు ఉంది, దిగితే కొండ మొదలు. దూరం కొండలకి బావగారు పొద్దున ఐదున్నరకి హారన్ కొట్టకుండా, ఎదురింటివాళ్లకి నిద్ర చెడకుండా, ఫోన్‌లో ఒక్క రింగ్ ఇచ్చేవారు. పెట్రోల్ డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. బావగారూ, ఆ డబ్బులు ఒక డబ్బాలో అలాగే ఉన్నాయి, ఏదో ఒక రోజు మీ కారు సర్వీసింగ్‌కి కట్టేస్తాను.

అక్క మాతో కొండ ఎక్కదు. ఇంట్లోనే ఉండి అంతకన్నా పెద్ద పని చేస్తుంది. మేం ఏ దారిన ఎక్కి ఏ దారిన దిగుతామో, ఎన్నింటికి కారు దగ్గరికి చేరతామో ఒక కాగితం మీద రాసి తన ఫ్రిజ్‌కి అంటించి వెళ్తాం. ఆ టైమ్ దాటి, మా నుంచి కబురు లేకపోతే ఇక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి, పోలీసుల్ని అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. ఇక్కడ ఆ రెస్క్యూ టీమ్‌లలో ఎక్కువమంది సొంత ఉద్యోగాలు చేసుకుంటూ స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే, డబ్బు అడగరు. మాకు ఆ అవసరం రాలేదు. అయినా లోయల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి "దిగాం అక్కా" అనే మెసేజ్ వెళ్లేదాకా ఆవిడ వంట మీద ధ్యాస పెట్టలేదని బావగారు చెప్పారు. అక్కా, నీకు ఆ టెన్షన్ పెట్టినందుకు కూడా థాంక్స్ చెప్పాలో సారీ చెప్పాలో తెలియడం లేదు.

తిండి కూడా అక్కదే. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలని మేస్టారు చెప్పారు. మొదట పల్లీ చిక్కీ పట్టుకెళ్లాం, జనవరి చలికి అది గులకరాయి అయిపోయి కొరికితే పన్ను కదిలింది. అప్పుడు అక్క పులిహోరని నిమ్మకాయంత ముద్దలు చేసి ఒక్కోదాన్నీ అల్యూమినియం కాగితంలో చుట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. చేతి గ్లోవ్స్ తీయకుండా కాగితం చింపి నోట్లో వేసుకోవచ్చు. చింతపండూ ఉప్పూ ఉన్నాయి, కాబట్టి చెమట పట్టినప్పుడు కావాల్సింది అందులోనే వచ్చేది. ఆ ముద్దలకి మా గ్రూపులో స్కాటిష్ వాళ్లు ఎంత అలవాటు పడ్డారంటే, అక్క ఊరెళ్లిన వారం ఇద్దరు కొండకి రావడం మానేశారు. వాన వల్లే అన్నారు గానీ నేను నమ్మను.

ఆఫీసులో మా టీమ్ పెద్దాయన తన ఐస్ యాక్సూ (మంచు గొడ్డలి), క్రాంపాన్లూ (మంచు మీద జారకుండా బూట్లకి కట్టుకునే ఇనుప ముళ్లు) చలికాలమంతా నాకు వదిలేశారు. ఇవ్వడంతో ఆగలేదు. ఒక రోజు సెలవు పెట్టి కెయిర్న్‌గార్మ్స్ పర్వతాలకి తీసుకెళ్లి, కింద ఏ ప్రమాదమూ లేని మంచు వాలు చూసి, జారితే యాక్స్ గుచ్చి ఎలా ఆగాలో నేర్పారు. కడుపు మీదా, వీపు మీదా, తలకిందులుగా కూడా జారించారు. సార్, మీ సామాను తుప్పు లేకుండా తుడిచి పెట్టాను, సోమవారం తెస్తున్నాను.

ఫిబ్రవరిలో దిగేటప్పుడు మోకాలి చిప్ప దగ్గర నొప్పి మొదలైంది. మా క్లబ్బులో ఒకామె వృత్తిరీత్యా ఫిజియో. పార్కింగ్ దగ్గరే నన్ను ఒక మెట్టు దిగమని చూసి, మోకాలు లోపలికి వంగుతోంది, నడుం పక్క కండరాలు బలంగా లేవంది. మందు చాలా చిన్నది: మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి, మూడు లెక్కపెడుతూ రెండో మడమని కింది మెట్టుకి ఆనించి మళ్లీ పైకి. కొండ దిగేటప్పుడు రెండు కర్రలు. ఫీజు మాటెత్తితే కోప్పడింది.

ఆ మెట్ల దగ్గరే ఇంకొకరు కలిశారు. నేనుండేది పాత రాతి భవనం, అందరికీ ఒకే మెట్లు, వందేళ్ల అరుగుడుకి మధ్యలో గుంటలు పడ్డాయి. పొద్దున ఏడింటికి నేను ఒంటికాలి మీద వేలాడుతుంటే కింది వాటా పెద్దావిడ తలుపు తీసి, తాళం పోయిందా అని అడిగింది. సంగతి చెప్పాను. మర్నాటి నుంచి టీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను పది అయ్యాయని ఆపితే "ఎనిమిదే" అనేది. నా జిమ్ ట్రైనర్ ఎవరూ ఇంత కచ్చితంగా లేరు. ఈ ఊళ్లో నన్ను రోజూ పలకరించిన మొదటి మనిషి ఆవిడే.

డిసెంబర్‌లో ఇక్కడ మధ్యాహ్నం మూడు నలభైకల్లా పొద్దుగుంకుతుంది. ఆఫీసు అయ్యేసరికి చిమ్మచీకటి. నుదుటికి లైట్లు కట్టుకుని బుధవారం రాత్రులు కాలువ గట్టు మీద నాతో పరిగెత్తిన నలుగురమ్మాయిలకి పేరుపేరునా థాంక్స్. మీరు లేకపోతే ఆ పరుగులు నేను ట్రెడ్‌మిల్ మీద చేసేదాన్ని, లేదా అసలు చేసేదాన్ని కాదు. క్రామండ్‌లో శనివారం తొమ్మిదిన్నరకి జరిగే పార్క్‌రన్ వాలంటీర్లకి కూడా. 2004లో లండన్‌లో పదమూడు మందితో మొదలైన ఆ ఐదు కిలోమీటర్ల ఉచిత పరుగు ఇప్పటికీ నిలబడిందంటే, సముద్రపు గాలిలో పచ్చ జాకెట్ వేసుకుని నిలబడి అందరికీ చప్పట్లు కొట్టేవాళ్ల వల్లే.

ఇక రేసు రోజు. ఊరి మధ్య నుంచి లీత్, పోర్టోబెల్లో మీదుగా సముద్రం పక్కనే తూర్పుకి వెళ్లి, గాస్‌ఫర్డ్ హౌస్ దగ్గర వెనక్కి తిరిగి మస్సెల్‌బరోలో ముగుస్తుంది. దాదాపు చదునైన దారి. కానీ తిరిగి వచ్చేటప్పుడు పడమటి గాలి మొహానికి కొట్టింది. క్లబ్ నేస్తం ఒకామె, నాకన్నా ఎంతో వేగంగా పరిగెత్తగలిగిన మనిషి, తన టైమ్ వదులుకుని నా ముందుకొచ్చి "నా వీపు చూస్తూ రా" అంది. చివరి పది కిలోమీటర్లు నేను చూసింది సముద్రం కాదు, ఆమె నీలం బనీను మీద ఉప్పు చారలు. రేసులో నా కాళ్లు నొప్పి పెట్టాయి గానీ తొడలు పట్టేయలేదు. మేస్టారి లెక్క అక్కడ పనిచేసింది.

మా అమ్మకి కూడా చెప్పాలి. ఆవిడ ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తుంది, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. మెడల్ ఫోటో చూసి "బాగుందే, మాకు మజ్జిగ ఇస్తారు" అంది. ఆ తర్వాత ఏడ్చింది, అది వేరే సంగతి.

ఇప్పుడు నా వంతు. జులై నెల శనివారాలకి పార్క్‌రన్‌లో వాలంటీరుగా పేరు ఇచ్చాను. సెప్టెంబర్‌లో చదువుకి ఎడిన్‌బరో వస్తున్న తెలుగు పిల్లలెవరికైనా కొండలు చూడాలనుంటే మెసేజ్ పెట్టండి. ఒక జత కర్రలు, వాన జాకెట్ ఒకటి, అదనపు టార్చి నా దగ్గర ఉన్నాయి, అరువిస్తాను. బూట్లు మాత్రం మీరే కొనుక్కోండి. పైన చెప్పిన అందరికీ వచ్చే ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. కింది వాటా పెద్దావిడకి కారం పడదు, కాబట్టి ఆమెకి పప్పూ నెయ్యీ విడిగా. పులిహోర మాత్రం అక్కే తేవాలి, నాకు ఆ రుచి రాదు.