రాత్రి డ్యూటీ సిస్టర్‌గారికి కృతజ్ఞతలు

నాన్న చివరి రోజుల్లో రాత్రిపూట ఆయన్ని చూసుకున్న సిస్టర్‌గారూ, అప్పటి టెన్షన్‌లో మీ పేరు కూడా అడగలేదు. మంచాన పడ్డ మనిషికి పుండ్లు పడకుండా 2 గంటలకోసారి పక్కకు తిప్పాలని మాకు నేర్పింది మీరే. నీళ్లు మింగలేకపోతుంటే తడి దూదితో పెదవులు తుడిచేవారు. ఆయన కళ్లు తెరవడం మానేశాక, "వినిపిస్తుందేమో, మాట్లాడండమ్మా" అని అమ్మతో అన్నారు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని మనవడి ఫీజు కట్టేశామని, గేటుకి తాళం వేశామని, ఆయన రోజూ అడిగే సంగతులన్నీ ఒక్కొక్కటే చెప్పింది. జీతం రాగానే ముందు మా చదువులు, తర్వాత అమ్మ మందులు, తన చొక్కా ఎప్పుడూ ఆఖరున. అలాంటి మనిషిని మీరు కూడా 'నాన్నగారూ' అనే పిలిచారు. అమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది. మీరు ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉన్నాం.