ఏజెంటు ఎవరి తరఫు మనిషో ముందు తేల్చుకోవాలి

సంపాదకుల వారికి,

ఇల్లు కొనేవాళ్లు రియల్ ఎస్టేట్ ఏజెంటును నమ్మవచ్చా అన్న చర్చ ఎప్పుడు వచ్చినా మంచివాళ్లెవరు, మోసగాళ్లెవరు అన్న దగ్గరే ఆగిపోతోంది. మోసగాడికి చట్టం ఉంది. నిజాయితీగా పనిచేసే ఏజెంటు దగ్గర కూడా, అతను ఒక్క అబద్ధం ఆడకపోయినా, కొనేవాళ్లు నష్టపోయే అవకాశం ఉంది. అది అతని కమిషన్ లెక్కలోనే ఉంది కాబట్టి దాని గురించి రాస్తున్నాను.

ఇంటి ధర 100 అనుకుందాం. కమిషన్ 2 శాతం. అందులో సగం ఏజెన్సీకి పోతే ఏజెంటు చేతికొచ్చేది 1. కొనేవారు ఇంకో రెండు వారాలు ఓపిక పట్టి ధరను 95కు దించారంటే వారికి 5 మిగులుతుంది. ఏజెంటుకు మాత్రం రెండు వారాల తిరుగుడు పెరిగి, రాబడి 0.05 తగ్గుతుంది. ఈలోగా బేరం చెడితే ఆ 1 కూడా రాదు. ఎంతకైనా సరే, త్వరగా తెగితే చాలు అని అతనికి అనిపించడంలో వింతేముంది? అమ్మేవారి విషయంలోనూ ఇదే లెక్క. చికాగో పరిసరాల్లో దాదాపు 1 లక్ష ఇళ్ల అమ్మకాలను పరిశీలించి స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ అనే ఆర్థికవేత్తలు 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏజెంట్లు తమ సొంత ఇల్లు అమ్ముకునేటప్పుడు సగటున 9.5 రోజులు ఎక్కువ ఆగి, 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టుకున్నారని అందులో తేలింది. ఇతరుల కోసం అమ్మిన ఇళ్లకు అంత ఓపిక పట్టలేదన్నమాట.

అందుకే మొదటిరోజే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీరు ఎవరి తరఫున పనిచేస్తున్నారు, మీకు డబ్బు ఎవరిస్తారు? జవాబు నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోవాలి. ఇద్దరి తరఫునా నేనే అంటే, కొనేవారి పక్షాన గట్టిగా బేరమాడే మనిషి ఎవరూ లేరని అర్థం. సింగపూర్‌లో ఒకే లావాదేవీలో ఒకే ఏజెంటు ఇరుపక్షాలకూ ప్రాతినిధ్యం వహించడం నిషిద్ధం. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2018లో అరుదైన మినహాయింపులు మాత్రమే ఉంచి దీన్ని ఆపేసింది. అమెరికాలో 2024 ఆగస్టు నుంచి, అమ్మకానికి ఉన్న ఇళ్ల ఉమ్మడి జాబితా వ్యవస్థ వాడుకునే ఏజెంట్లు ఇల్లు చూపించకముందే కొనుగోలుదారుతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి, తమ రుసుము ఎంతో అందులో రాయాలి. ఇలాంటి నిబంధన లేనిచోట కూడా కొనేవారు ఆ కాగితం అడగవచ్చు. ఇవ్వననేవారిని వదిలేయడమే మేలు.

ఎవరి తరఫో తేలేదాకా మీ గరిష్ఠ బడ్జెట్ చెప్పకండి. ఆ అంకె అమ్మేవారికి చేరితే బేరం అక్కడి నుంచే మొదలవుతుంది. బ్యాంకు రుణ అర్హత పత్రం చూపాల్సి వస్తే, మీకు వచ్చే మొత్తం రుణానికి కాకుండా మీరు ఇవ్వజూపే ధరకు సరిపడా రాయించి తీసుకెళ్లండి.

ధర విషయంలో ఏజెంటు అంచనాను తీర్పుగా తీసుకోకూడదు. అమెరికాలోని టక్సన్‌లో 1987 నాటి ఒక పరిశోధనలో ఏజెంట్లకు ఒకే ఇంటిని చూపించి, అమ్మేవారు అడుగుతున్న ధర మాత్రం వేర్వేరుగా చెప్పారు. చెప్పిన ధర పెరిగేకొద్దీ వాళ్లు కట్టిన విలువా పెరిగింది. ఆ ధర ప్రభావం తమ మీద లేదనే వాళ్లలో ఎక్కువమంది నమ్మారు. కొనేవారు చేయగలిగింది ఏమిటంటే, గత ఆరు నెలల్లో అదే ప్రాంతంలో, అదే వయసు, దాదాపు అదే విస్తీర్ణం ఉన్న ఇళ్లు నిజంగా ఎంతకు చేతులు మారాయో కనీసం మూడు లావాదేవీలు సేకరించడం. ప్రకటనల్లో ఉండేది అమ్మేవారు అడిగే ధర, వచ్చిన ధర కాదు. విస్తీర్ణం కూడా గోడల లోపలి అంచు నుంచి అంచుకు టేపుతో కొలవాలి. చదరపు అడుగు రేటు దాని మీద కట్టాలి. గోడల మందం, మెట్లు, ఉమ్మడి స్థలం కలిపేస్తే రెండు ఇళ్లను పోల్చడమే కుదరదు.

ఇంటిని తనిఖీ చేసే ఇంజినీరును, పత్రాలు చూసే న్యాయవాదిని ఏజెంటు ద్వారా తెచ్చుకోవద్దు. రేపటి పని కూడా అతని నుంచే రావాల్సిన మనిషి లోపాన్ని గట్టిగా చెప్పలేడు. ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే చెమ్మ కోసం చూడాలి. స్నానాలగదికి కింద ఉన్న గది పైకప్పు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే పగుళ్లు తప్పక చూడాలి. పగులు వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటితే స్ట్రక్చరల్ ఇంజినీరు చూడకుండా ముందుకు పోకూడదు. వీలైతే వాన వెలిసిన మర్నాడు ఒకసారి, సాయంత్రం రద్దీ వేళ ఇంకోసారి వెళ్లి చూడాలి.

బయానా దగ్గర జరిగే నష్టాలు మరీ బాధాకరం. వేరే పార్టీ రేపే వస్తోందన్న మాటకు భయపడి డబ్బు ఏజెంటు సొంత ఖాతాలో వేసేస్తారు. ముందు యజమాని సంతకంతో ఏజెంటుకు ఇచ్చిన అధికార పత్రం, దాని గడువు చూడాలి. యజమాని పేరు, తాకట్టు వివరాలు రిజిస్ట్రేషన్ కార్యాలయంలో స్వయంగా సరిచూసుకోవాలి. ఆ తర్వాతే బయానా, అదీ బ్యాంకు ద్వారా, యజమాని ఖాతాకు లేదా ఇరుపక్షాలూ ఒప్పుకున్న మధ్యవర్తి ఖాతాకు. రుణం రాకపోతే, హక్కు పత్రాల్లో లోపం బయటపడితే, తనిఖీలో పెద్ద లోపం తేలితే ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో ఒప్పందంలో రాసి ఉండాలి. ఈ మూడు షరతులు లేని బయానా పోయినట్టే లెక్క. నిజంగానే వేరే పార్టీ ఉంటే, ఈ షరతులు రాయడానికి పట్టే ఒక్కరోజులో ఇల్లు చేజారడం అరుదు.

ఏజెంటు వల్ల ఉపయోగం లేదని నేననను. ఏ ఇళ్లు అమ్మకానికి ఉన్నాయి, అమ్మేవారికి తొందర ఉందా, ఏ కార్యాలయంలో ఏ కాగితం ఎన్నాళ్లకు వస్తుంది అన్నవి అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. ఆ మాటలు వినవచ్చు, సరిచూసుకోవడమూ తేలికే. ధర, మీరు ఎంత త్వరపడాలన్నది, ఇంటి లోపాలు, రేపు విలువ పెరుగుతుందన్న జోస్యం, ఈ నాలుగింటిలో మాత్రం అతని మాట సరిపోదు.

పత్రికలకు ఒక మనవి. ఇళ్ల ప్రత్యేక పేజీల్లో వార్తలా కనిపించే ప్రకటనల మీద అది ప్రకటన అని పెద్ద అక్షరాల్లో వేయండి. ప్రకటన ఇచ్చిన ఏజెంటు ఏ పక్షం తరఫున పనిచేస్తున్నాడో ఒక్క వరుసలో రాయమని అడగండి. ఫోను నంబరుకు ఇచ్చే చోటులో సగం చాలు దానికి.

ఇట్లు,
ఆస్తి పత్రాల పరిశీలన వృత్తిలో ఉన్న ఒక పాఠకుడు