సూది గుచ్చేటప్పుడు అమ్మను బయటికి పంపకండి

సంపాదకులకు,

మా పాపకు సెలైన్ సూది పెట్టేటప్పుడు నన్ను బయటే నిలబెట్టారు. లోపల ఇద్దరు కాళ్లూ చేతులూ గట్టిగా పట్టుకుని పడుకోబెట్టారట, ఆ ఏడుపు తలుపు ఇవతలికి వినిపిస్తూనే ఉంది. కోపం సిస్టర్ల మీద కాదు, వాళ్లు నేర్చుకున్నదే చేశారు.

కానీ పరిశోధనలు చెప్పేది వేరు. తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకుంటే పిల్లలకు భయం తగ్గుతుంది, పసికందులకైతే సూది వేయడానికి ముందు నుంచీ వేసేంతసేపూ తల్లిపాలు ఇస్తుంటే నొప్పి కూడా తగ్గుతుంది. సూది వేసే చోట చర్మం మొద్దుబారేలా మత్తు క్రీమ్ రాస్తే ఇంకా మంచిది, కాకపోతే అది పనిచేయడానికి దాదాపు గంట పడుతుంది కాబట్టి ముందే రాయాలి. (ప్రాణం మీదికొస్తే ఆగమని ఎవరూ అనరు లెండి.) మాటలు రాని పిల్లల నొప్పిని ముఖం, కాళ్లు, కదలికలు, ఏడుపు, ఓదారిస్తే ఊరుకుంటున్నారా లేదా అన్నవి చూసి 0 నుంచి 10 వరకు లెక్కగట్టే ఫ్లాక్ స్కేల్ ఉంది. ఆ అంకెను చార్టులో జ్వరం పక్కనే రాయొచ్చు కదా?

ఆస్పత్రిలో పిల్లల్ని చూడటానికి తల్లిదండ్రులకు ఆంక్షలు వద్దని బ్రిటన్‌లో ఆస్పత్రి పిల్లల బాగోగులు చూడటానికి వేసిన ప్లాట్ కమిటీ 1959లోనే చెప్పింది. నర్సులకు ట్రైనింగ్ ఇవ్వండి, ఒక్కొక్కరి మీద అంతమంది పిల్లల్ని వేయకండి, లేకపోతే తెలిసినా చేసే టైమ్ వాళ్లకెక్కడిది?

– ఒక తల్లి