చుక్కంత చాలు రా, రమణా

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మాయికి ఐదో నెలని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. ఏ డబ్బా వాడాలి, ఏ సీసా పారేయాలి అని నువ్వు టెన్షన్ పడుతున్నావని అర్థమైంది. "అయినా ప్లాస్టిక్‌లోంచి వచ్చే రసాయనం అంత కొంచెం ఒంట్లోకి పోతే ఏమవుతుంది?" అని చివర్లో అడిగావు చూడు, దానికే ఈ ఉత్తరం.

హార్మోన్ల విషయంలో "కొంచెమే కదా" అనే మాటకి బలం లేదు రా. మన ఒంట్లో అవి పనిచేసేదే అతి తక్కువ మోతాదులో. వాటిలా నటించే రసాయనం కడుపులో బిడ్డకి అవయవాలు ఏర్పడే వారాల్లో తగిలితే, ఆ మార్పు జన్మంతా ఉండిపోవచ్చు.

డీఈఎస్ కథ నీకు తెలుసా? 1938లో ఇంగ్లండ్‌లో చార్లెస్ డాడ్స్ అనే శాస్త్రవేత్త బృందం తయారుచేసిన కృత్రిమ ఈస్ట్రోజెన్ అది, అంటే ఆడవాళ్ల హార్మోన్‌లా పనిచేసే మందు. గర్భం నిలుస్తుందని లక్షలమందికి రాసిచ్చారు. దానివల్ల ఉపయోగం లేదని 1953లోనే తేలినా ఆపలేదు. 1971లో బోస్టన్ డాక్టర్లు చిన్న వయసు ఆడపిల్లల్లో ఒక అరుదైన యోని క్యాన్సర్‌ని చూసి ఆరా తీస్తే, దాదాపు అందరి తల్లులూ గర్భంతో ఉండగా ఆ మందు వాడినవాళ్లే. మింగింది తల్లి, జబ్బు బయటపడింది ఎన్నో ఏళ్ల తర్వాత కూతురిలో. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

ఇంకో సంగతి విను. ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్ఫినాల్ ఏ అనే రసాయనం, అంటే బీపీఏ కూడా ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుందని అదే డాడ్స్ 1936లోనే చూపించాడు. అయినా తర్వాత అది గట్టి ప్లాస్టిక్ సీసాల్లోకి, ఆహారపు డబ్బాల లోపలి పూతల్లోకి చేరింది. యూరప్‌లో పాలసీసాల్లో దాన్ని నిషేధించింది 2011లో. 2023లో అక్కడి ఆహార భద్రతా సంస్థ రోజుకి ఫరవాలేదనుకునే మోతాదుని 20 వేల రెట్లు తగ్గించింది. జర్మనీ సంస్థ ఒకటి అంత తగ్గించనక్కర్లేదంది, ఆ వాదన ఉంది. కానీ 2024 చివర్లో యూరప్‌లో ఆహారానికి తగిలే వస్తువుల్లో బీపీఏని నిషేధిస్తూ నియమం వచ్చింది. 1936 నుంచి లెక్కపెట్టు!

నాకు కోపం తెప్పించేది ఇంకోటుంది. "బీపీఏ లేదు" అని అట్ట మీద రాసి, లోపల దాని చుట్టం బీపీఎస్‌ని పెట్టేస్తారు. ప్రయోగాల్లో అదీ హార్మోన్‌లాగే ప్రవర్తించింది. ఒక్కోదాన్నీ పట్టుకుని నిషేధించుకుంటూ పోతే ఎప్పటికీ వెనకే ఉంటాం. ఒకే కుటుంబానికి చెందినవాటిని కలిపి పట్టాలి. హాని లేదని అమ్మేవాడే ముందుగా చూపించాలి, బిడ్డల మీద పరీక్ష జరిగాక మనం చూపించడం కాదు. నువ్వు ఎన్ని సీసాలు పారేసినా ఈ పని నీ వంటింట్లో కాదు రా, చట్టంతోనే అవుతుంది. అందుకే ఎక్కడైనా చట్టం ముసాయిదా మీద అభిప్రాయాలు అడిగితే నేను రాసి పంపుతున్నాను. నువ్వూ పంపు.

ఈలోపు చేయగలిగింది చెయ్యి. వేడిది ఏదీ ప్లాస్టిక్‌లో పోయొద్దు, మైక్రోవేవ్‌లో ప్లాస్టిక్ పెట్టొద్దు. గాజు, స్టీలు మంచివి. సీసా అడుగున త్రికోణంలో 7 ఉంటే పాలికార్బొనేట్, అంటే బీపీఏతో చేసే గట్టి ప్లాస్టిక్ కావచ్చు, దాన్ని పక్కన పెట్టు. అమ్మాయిని మాత్రం కంగారు పెట్టకు, ఈ సంగతులన్నీ దానికి చదివి వినిపించకు. అడిగానని చెప్పు. పురుడు వచ్చే వేళకి నేను అక్కడుంటాను.

నీ
శీను