ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) మార్చాలన్న మాట చివర్లోనే ఎందుకు చెబుతాం?

మా వర్క్‌షాపులో ఓ పక్కన బానెట్ తెరిచి ఉంచిన కారును చూసి "ఇంకా అవలేదా?" అని చాలామంది అడిగారు. అయింది, నిన్ననే ఓనరు తీసుకెళ్లారు. ఇంత ఆలస్యం ఎందుకైందో, ఇకనుంచి ఇలాంటి పనులకు మేం పాటించబోయే పద్ధతేమిటో అందరికీ ఒకేసారి చెబుతున్నాం.

బండి మిస్సింగ్ (ఇంజిన్ తడబడడం) కంప్లయింట్‌తో వచ్చింది. ఐడిలింగ్‌లో వణుకు, పికప్ లేదు, చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతోంది. స్కానర్ పెడితే పీ0302 అని చూపించింది. అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అక్కడ పెట్రోలు సరిగ్గా మండట్లేదు. "కోడ్ వచ్చిందిగా, ఆ పార్టు మార్చేయండి" అంటారు చాలామంది. కానీ కోడ్‌లో పార్టు పేరుండదు. ఆ సిలిండర్ వంతు వచ్చినప్పుడు క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ఇరుసు) వేగం తగ్గుతోందని మాత్రమే అది చెబుతుంది. ప్లగ్గు, దానికి కరెంటిచ్చే కాయిల్, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, వాల్వు, వైరు... ఏదైనా కావచ్చు.

రెండో సిలిండర్ కాయిల్‌ని మూడోదానికి, మూడోదాన్ని రెండోదానికి మార్చాం. తప్పు కాయిల్‌దే అయితే కోడ్ 0303కి మారాలి. మారలేదు. ప్లగ్గులు మార్చి చూసినా అదే కోడ్. కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) నాలుగు సిలిండర్లలోనూ సమానం, ఇంజెక్టర్ పనిచేస్తోంది. మిగిలింది కాయిల్‌కి వైర్లు కలిపే కప్లర్. ఈ బండిలో దానికి రెండే వైర్లు. ఒకదాంట్లో 12 వోల్టుల సప్లై వస్తుంది. రెండోదాన్ని ఈసీఎం ఎర్త్‌కి కలిపి టక్కున వదిలేస్తుంది, అలా వదిలినప్పుడే స్పార్క్ పుడుతుంది. స్కోప్‌లో (వోల్టేజీ మార్పుల్ని గీతలా చూపే పరికరం) మిగతా మూడింటికీ పల్స్ కనిపించింది. దీనికి మాత్రం అడ్డంగా ఒక గీత, అంతే.

అక్కడికీ ఈసీఎం పోయిందని తేల్చలేదు. వైరు మధ్యలో తెగినా ఇలాగే ఉంటుంది. మీటర్ బీప్ కొట్టినంత మాత్రాన వైరు బాగున్నట్టు కాదు, లోపల ఒక్క పోగు మిగిలి ఉన్నా అది బీప్ కొడుతుంది. అందుకే ఆ వైరు మీదుగా హెడ్‌లైట్ బల్బు వెలిగించి చూశాం. నిండుగా వెలిగింది. ఈసీఎం ఎర్త్‌లు కూడా చూశాక, పోయింది ఈసీఎం లోపల ఆ కాయిల్‌ని ఆన్-ఆఫ్ చేసే డ్రైవర్ సర్క్యూటేనని ఖాయం చేసుకున్నాం.

మరి అదెందుకు కాలింది? ఎక్కువ టైము తిన్న ప్రశ్న ఇదే. మూడో సిలిండర్‌కి మార్చిన ఆ పాత కాయిల్‌కి కరెంటు కొలిచే క్లాంప్ తగిలించి ఇంజిన్ వేడెక్కేదాకా కూర్చున్నాం. చల్లగా ఉన్నంతసేపు బాగానే ఉంది, వేడెక్కాక మిగతావాటికంటే ఎక్కువ కరెంటు లాగడం మొదలుపెట్టింది. దాన్ని అలాగే ఉంచి కొత్త ఈసీఎం బిగిస్తే అదీ కాలిపోయేది. కాయిల్ కూడా మార్చాం.

"సెకండ్ హ్యాండ్ ఈసీఎం దొరకదా?" అని ఓనరు అడిగారు. దొరుకుతుంది, కానీ అది వేరే బండి ఇమ్మొబిలైజర్‌తో (దొంగతనం జరగకుండా ఉండే లాక్) ముడిపడి ఉంటుంది. చాలా మోడళ్లలో అలా పెడితే ఇంజిన్ స్టార్టే కాదు. కొత్తదాన్నయినా బిగించి వదిలేయలేం. ఛాసిస్ నంబరు రాయాలి, సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, తాళాలు జతచేయాలి. మధ్యలో వోల్టేజీ పడిపోతే ఈసీఎం పనికిరాకుండా పోవచ్చు, అందుకని అంతసేపూ బ్యాటరీకి సపోర్టు పెట్టే ఉంచుతాం.

ఇకపై మిస్సింగ్ పనికి చెకింగ్ ఛార్జీ విడిగా ఉంటుంది, పార్టు మార్చినా మార్చకపోయినా. స్కానర్ పెట్టడానికి డబ్బులేమిటి అంటారు కొందరు. స్కానర్ పని నిమిషంలో అయిపోతుంది, పైన చెప్పిందంతా ఆ తర్వాతి పని. ఈసీఎం తెప్పించాక వెనక్కి తీసుకోరు కాబట్టి రిపోర్టు చూపించి, మీరు సరే అన్నాకే ఆర్డర్ పెడతాం.

చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతుంటే మాత్రం బండి నడిపి తీసుకురావద్దు. మండని పెట్రోలు సైలెన్సర్ లైన్‌లో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని మాడ్చేస్తుంది. పక్కకి ఆపి ఫోన్ చేయండి, టోయింగ్ సంగతి మేం చూసుకుంటాం. ఈసీఎం పని ఉంటే ఇంట్లో ఉన్న రెండో తాళం కూడా ఇవ్వండి. అప్పుడే జతచేయకపోతే దానితో బండి స్టార్ట్ కాదు.