పరుగెత్తే పిల్లలకు హైవే తప్ప నేల లేదా?

సంపాదకుడు గారికి నమస్కారం.

సైనిక నియామక ర్యాలీ జరిగినప్పుడల్లా మీ పత్రికలో ఒక ఫొటో వస్తుంది. ఛాతీ మీద నంబర్లు అంటించుకుని పళ్లు బిగించి పరుగెత్తే కుర్రాళ్ల గుంపు. బాగుంటుంది. ఆ కుర్రాళ్లు అంతకుముందు ఏడాది పొడవునా ఎక్కడ పరుగెత్తారో కూడా ఒకసారి ఫొటో తీయించండి. తెల్లవారుజామున నాలుగున్నరకు భోగాపురం, పూసపాటిరేగ వైపు 16వ నంబరు జాతీయ రహదారి అంచుకు ఎవరినైనా పంపితే చాలు.

నేను 22 ఏళ్లు సైన్యంలో పనిచేసి హవల్దారుగా పదవీ విరమణ చేశాను. పాత అలవాటు, నాలుగింటికే మెలకువ వస్తుంది. ఈ ఏడాది మా మేనల్లుడి కోసం నేనూ ఆ రోడ్డు మీదికి వెళుతున్నాను. బస్‌ షెల్టర్ దగ్గర పది పన్నెండు మంది చేరతారు. సరైన బూట్లున్నవి ఇద్దరికే. ఒకడు తెల్ల తువ్వాలు వీపుకు అడ్డంగా కట్టుకుని వస్తాడు. వెనుక నుంచి వచ్చే లారీ డ్రైవరుకు కనబడాలని వాళ్లమ్మ అలా కట్టి పంపుతుంది. కిలోమీటరు రాయి దగ్గర మొదలుపెడతారు. లారీ హారన్ వినిపిస్తే వరుస మొత్తం తారు దిగి మట్టిలోకి వస్తుంది, అది వెళ్లగానే మళ్లీ ఎక్కుతుంది. చీకట్లో అలా దిగి ఎక్కడంలోనే చీలమండ మడతపడి నెలరోజులు కుంటిన వాళ్లున్నారు. కిందటి వానాకాలంలో పక్క ఊరి అబ్బాయిని ఏదో బండి వెనుక నుంచి కొట్టి ఆగకుండా పోయింది. ప్రాణం దక్కింది. తొడ ఎముకలో రాడ్డు వేశారు. ఇక ర్యాలీ మాట అతని ఇంట్లో ఎవరూ ఎత్తరు.

వేరే దిక్కు లేక సైన్యానికి పోతున్నారని కొందరు, దేశభక్తితో పోతున్నారని కొందరు అంటుంటారు. టీ కొట్టు దగ్గర ఈ వాదన తెగదు. మా ఇంట్లో జరిగింది చెబుతాను. మేనల్లుడు ఇంటర్ పూర్తిచేసి, సైన్యానికి వెళతానన్న రోజున మా అక్క అన్నం వడ్డిస్తూ ఒకటే అడిగింది: "నాలుగేళ్ల తర్వాత వీడి సంగతేమిటి తమ్ముడూ?" నాకు వెంటనే జవాబు రాలేదు. మా రోజుల్లో 15 ఏళ్లు చేస్తే సిపాయికి పింఛను వచ్చేది. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం వచ్చాక చేరేది నాలుగేళ్లకే. ఆ తర్వాత నూటికి 25 మంది వరకు కొనసాగిస్తారు, మిగతావాళ్లు ఇంటికి. పింఛను లేదు.

మేనల్లుడు కరెంటు బిల్లు వెనుక లెక్క రాశాడు. మొదటి ఏడాది నెలకు 30 వేలు, అందులో 9 వేలు నిధికి పోగా చేతికి 21 వేలు. నాలుగో ఏడాదికి జీతం 40 వేలు. తాను దాచినంత ప్రభుత్వమూ వేస్తుంది కాబట్టి, బయటికి వచ్చేటప్పుడు వడ్డీతో కలిపి 11 లక్షల 71 వేల దాకా చేతికి వస్తుందని పథకం తెచ్చినప్పుడే చెప్పారు. అంతా రాసి, "ఆ నాలుగేళ్లూ నేను ఇక్కడే ఉంటే నాకు ఎంత వస్తుందో పక్కన మీరు రాయండి మామయ్యా" అని కాగితం నాకిచ్చాడు. ఆ పక్క గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. అక్క ఇంకేమీ అనలేదు. మర్నాటి నుంచి నాలుగింటికే లేచి వాడికి రాగి జావ కాచి ఇస్తోంది.

నాలుగేళ్ల పథకం మంచిదా చెడ్డదా అన్నది ఢిల్లీలో తేలాల్సిన మాట. నేను రాస్తున్నది మన ఊళ్లోనే తేలిపోయే మాట గురించి.

ర్యాలీలో పరుగు 1,600 మీటర్లు. 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే 60 మార్కులు, ఆపైన 5 నిమిషాల 45 సెకన్లలోపు అయితే 48. పావు నిమిషం ఖరీదు 12 మార్కులు. స్టేడియంలో అయితే 400 మీటర్ల చుట్లు నాలుగు, అంటే చుట్టుకు దాదాపు 82 సెకన్లు. హైవే మీద తిన్నగా పరుగెత్తిన పిల్లవాడికి ఈ చుట్టు లెక్క ఒంటికి పట్టదు. పైగా ర్యాలీలో పక్కన పెద్ద గుంపు ఉంటుంది. మలుపు దగ్గర మోచేతులు తగులుతాయి, లోపలి గీత కోసం తోసుకుంటారు. మొదటి చుట్టులోనే ఊపిరంతా ఖర్చుపెట్టి మూడో చుట్టులో నడిచేవాళ్లను ఎంతమందిని చూశానో! వాళ్లకు బలం లేక కాదు, గుండ్రటి నేల మీద ఎప్పుడూ పరుగెత్తక. తారు రోడ్డు ఇంకో దెబ్బ తీస్తుంది. గట్టి నేల మీద నెలల తరబడి పరుగెత్తితే మోకాలి కింద ముందు ఎముక పీకడం మొదలవుతుంది. నొప్పి మాత్ర వేసుకుని మళ్లీ పరుగెత్తుతారు.

పరుగు తర్వాత బీమ్. గడ పట్టుకుని గడ్డం పైకి వచ్చేలా పది సార్లు లేస్తే 40 మార్కులు, ఆరు సార్లయితే 16. ఆరు కూడా రాకపోతే ఇంటికే. తొమ్మిది అడుగుల గుంట దూకాలి, వంకరటింకర దిమ్మె మీద పడిపోకుండా నడవాలి. మా పిల్లలు బీమ్‌కు బస్‌ షెల్టర్ ఇనుప దూలం పట్టుకుని వేలాడతారు. అది ఏ రోజు ఊడి వస్తుందోనని నా భయం నాది.

అకాడమీలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఫీజుకు, హాస్టలుకు కలిపి వేలకు వేలు కట్టించుకుంటాయి. తమాషా ఏమిటంటే, వాటిలో చాలా వాటికి సొంత మైదానం లేదు. డబ్బు కట్టిన పిల్లలను కూడా తెల్లవారుజామున అదే హైవే మీదికి తోలుకొస్తారు, కాకపోతే ముందు ఒకడు ఈల ఊదుతూ వెళతాడు.

ఆఫీసర్లు కాగల పిల్లల కోసం కోరుకొండలో సైనిక పాఠశాల 1962 నుంచి మా జిల్లాలోనే ఉంది. దాన్ని చూసి గర్వపడేవాళ్లలో నేనూ ఒకణ్ని. సిపాయి కావాలనుకునే రైతు బిడ్డకు మాత్రం రోడ్డు అంచు మిగిలింది.

నిజానికి నేల లేక కాదు. మా దగ్గర ఒక ఉన్నత పాఠశాలకు నిక్షేపంలాంటి మైదానం ఉంది. సాయంత్రం బడి వదలగానే గేటుకు తాళం పడుతుంది, ఉదయం తొమ్మిదికి తీస్తారు. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి ప్రధానోపాధ్యాయుణ్ని అడిగాను. కూర్చోబెట్టి టీ ఇప్పించి మరీ కాదన్నారు. ఎవరైనా పడితే తనను అడుగుతారట, కుళాయిలు పోతే తన జీతంలో కోస్తారట, రాత్రుళ్లు తాగుబోతుల బెడద సరేసరి. ఆయన భయంలో తప్పు పట్టను. రాతపూర్వకంగా ఏ అధికారీ భరోసా ఇవ్వనప్పుడు ఆయన స్థానంలో నేనున్నా తాళమే వేస్తాను. అయితే మర్నాడు ఆ గోడ పక్కగా వెళుతూ లోపలికి చూశాను. వేపచెట్టు కింద ఖాళీ సీసాలు. తాగేవాళ్లు గోడ దూకి లోపలికి వెళుతూనే ఉన్నారు. ఆ తాళం ఆపుతున్నది పరుగెత్తేవాళ్లనే.

వైద్య పరీక్ష గురించి కూడా ఒక మాట రాయాలి. పరుగులో నెగ్గి, బీమ్ మీద పదికి పది లాగి, డాక్టరు ముందు ఆగిపోయేవాళ్లు తక్కువేమీ కాదు. చెవిలో గుబిలి, పన్ను పుచ్చు లాంటివి ముందే చూపించుకుంటే పోయేవి. మోకాళ్లు ఒరుసుకోవడం, చదును పాదం అలా కాదు. నాకు తెలిసిన ఒక అబ్బాయి మూడేళ్లు పరుగెత్తాడు. ర్యాలీలో డాక్టరు మునివేళ్ల మీద లేవమన్నారు, అరికాలి కింద వంపు కనబడలేదు. తడి కాలితో గచ్చు మీద అడుగు వేయించి చూస్తే ఆ సంగతి పదో తరగతిలోనే తెలిసేది. ఆ మూడేళ్లూ ఐటీఐలోనో మరెక్కడో గడిచేవి. పదిహేడున్నరకు మొదలై కొద్ది ఏళ్లకే వయసు హద్దు దాటిపోతుంది కాబట్టి ఈ పిల్లల దగ్గర వృథా చేసుకోవడానికి ఏళ్లు లేవు. సంవత్సరానికి ఒక్కసారి, ఏరియా ఆసుపత్రి డాక్టరు ఒక పూట వచ్చి ఇంటర్ చదివే పిల్లల చెవులు, పళ్లు, కళ్లు, మోకాళ్లు, పాదాలు చూసి వెళితే సరిపోతుంది.

2023 నుంచి పద్ధతి మారింది, ముందు కంప్యూటర్ మీద రాత పరీక్ష, అందులో నెగ్గినవాళ్లకే ర్యాలీ. ఆ పరీక్ష మొన్నటిదాకా ఇంగ్లిషు, హిందీలలోనే ఉండేది, 2025 నుంచి తెలుగులోనూ రాయనిస్తున్నారు. మంచి పని. ఢిల్లీ వాళ్లు తెలుగు దాకా వచ్చినప్పుడు, మన జిల్లా అధికారులు గేటు దాకా రాలేరా?

కలెక్టరు గారికి, జిల్లా విద్యాశాఖాధికారి గారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. మండలానికి ఒక్క మైదానమైనా ఉదయం నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు తెరవాలని, జరగరానిది జరిగితే ప్రధానోపాధ్యాయుడు బాధ్యుడు కాడని ఒక ఉత్తర్వు ఇవ్వండి. చుట్టు కొలిచి సున్నంతో గీత గీయించడం, రెండు స్తంభాలు పాతి ఇనుప గొట్టం బిగించడం, గుంట తవ్వించడం పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు. నేర్పడానికి మనుషులు కావాలంటే, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాజీ సైనికుల వివరాలుంటాయి. మాలో చాలామందికి తెల్లవారుజామున వేరే పనేమీ లేదు, జీతం అడగం.

మా మండలం వరకు తాళంచెవి నాకివ్వండి. రసీదు రాసిచ్చి తీసుకుంటాను. నాలుగున్నరకు తెరిచి, ఆరున్నరకు ఊడ్పించి, ఆ వేపచెట్టు కింది సీసాలు కూడా ఏరించి మూసి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత హవల్దారు,
విజయనగరం జిల్లా