హబ్ మార్చడం నాలుగు బోల్టుల పని కాదండీ

సంపాదకులకు నమస్కారం.

కారు పనులు ఇంట్లోనే చేసుకోవడం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. బాగానే ఉంది కానీ, ముందు చక్రం హబ్, అంటే చక్రాన్ని బిగించే, లోపల బేరింగు ఉండే మధ్య భాగం, మార్చడం గురించి మాత్రం నాలుగు బోల్టులు విప్పి పాతది తీసి కొత్తది పెడితే అయిపోతుందన్నట్టు రెండు ముక్కల్లో తేల్చేశారు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకుని పనిలోకి దిగాను. కొత్త హబ్ మూడు నెలలు తిరక్కుండానే మళ్ళీ గుయ్యిమనడం మొదలుపెట్టింది. తప్పు దానిది కాదు, నాదే.

హబ్‌కి మధ్యలో, చక్రాన్ని తిప్పే కడ్డీ అయిన యాక్సిల్ చివర ఒక పెద్ద నట్టు ఉంటుంది కదా, దాన్ని నేను "గట్టిగానే ఉందిలే" అనుకునేదాకా బిగించి వదిలేశాను. పైగా పూర్తిగా బిగించకముందే కారును కిందికి దించి, రెండడుగులు ముందుకు తోశాను కూడా. చాలా కార్లలో హబ్ లోపలి బేరింగు రింగులను ఒకదానికొకటి అదిమి పట్టి ఉంచేది ఆ నట్టే. అది వదులుగా ఉండగా కారు బరువు చక్రం మీద పడితే కొత్త బేరింగు మొదటి రోజే దెబ్బతింటుంది, ఆ సంగతి మాత్రం మనకు వెంటనే తెలియదు. దాని బిగువు కూడా మామూలుగా ఉండదు. చక్రం నట్లకు 100 న్యూటన్ మీటర్ల (బిగువును కొలిచే లెక్క) చుట్టుపక్కల సరిపోతే, దీనికి చాలా కార్లలో 200, ఇంకా పైన కూడా ఉంటుంది. కాబట్టి ఆ కారు మాన్యువల్‌లో ఉన్న అంకె చూసి, ఎంత బిగువు పడిందో తెలిపే టార్క్ రెంచ్‌తో బిగించాల్సిందే, చేతి అంచనా పనికిరాదు, గాలి గన్‌తో కొట్టడం అసలే వద్దు. చక్రం గాల్లో ఉండగా ఒక మనిషిని బ్రేకు తొక్కి పట్టమని, కుదుపు లేకుండా నిదానంగా లాగాలి. పాత నట్టును మళ్ళీ వాడకండి, చాలావాటిని ఒక్కసారికే చేస్తారు. విప్పేటప్పుడైతే చక్రం నేల మీదే ఉండగా వదులు చేయొచ్చు, ఎలాగూ పారేసే బేరింగే కదా.

అసలు హబ్బే పోయిందా అన్నది ముందు తేల్చుకోవాలి. టైరు అరిగినా ఇలాంటి రొదే వస్తుంది, ముందు టైర్లు వెనక్కి మార్చినప్పుడు శబ్దం కూడా వెనక్కి పోతే తప్పు టైరుదే. ఎడమకు తిప్పినప్పుడు రొద పెరిగితే చాలాసార్లు కుడి బేరింగు, కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమది, ఎందుకంటే బరువు అవతలి వైపుకి ఒరుగుతుంది. చక్రం పైకి లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగులో వదులు ఉంటే తెలుస్తుంది. ఇంకో మాట, కొన్ని కార్లలో హబ్ బోల్టులతో ఊడిరాదు, బేరింగు నకిల్‌లోకి, అంటే హబ్‌ని పట్టి ఉంచే లోహపు భాగంలోకి, ప్రెస్సు యంత్రంతో దిగి ఉంటుంది. అది ఇంట్లో సుత్తితో తేలే వ్యవహారం కాదు, సామాను కొనకముందే చూసుకోండి.

బోల్టులు విప్పాక హబ్ దానంతట అది చేతిలోకి వస్తుందనుకుంటే పొరపాటే. తుప్పు పట్టి నకిల్‌కి అతుక్కుపోయి ఉంటుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచితే సగం తిట్లు తగ్గుతాయి! నేను బోల్టులను పూర్తిగా తీయకుండా కొంచెం మరలు పట్టి ఉంచి, వాటి తలల మీద వెనకనుంచి ఒక్కోటీ మార్చి మార్చి కొట్టాను, అప్పుడు కదిలింది. యాక్సిల్ చివర మరల మీద మాత్రం సుత్తి పడకూడదు, యాక్సిల్‌ని బయటికి లాగకూడదు, లోపలి జాయింటు ఊడివస్తుంది. కొత్తది పెట్టేముందు నకిల్‌లో హబ్ కూర్చునే గూడును వైర్ బ్రష్‌తో శుభ్రంగా గీకాలి. తుప్పు పొర మిగిలితే హబ్ వంకరగా కూర్చుంటుంది, ఆపైన బ్రేకు తొక్కితే పెడల్ వణుకుతుంది, పాపం ఆ నింద డిస్కు మీదికి పోతుంది. ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సార్ వైరును పాతది పోయిన దారినే పోనివ్వాలి, లేకపోతే చక్రం తిప్పినప్పుడు రాసుకుని తెగుతుంది.

విప్పిన క్యాలిపర్‌ని, అంటే బ్రేకు ప్యాడ్లను డిస్కుకి అదిమే భాగాన్ని, బ్రేకు గొట్టానికి వేలాడదీయకుండా తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టండి. జాకీ మీద ఉన్న కారు పక్కన కూర్చుని సుత్తితో కొట్టడం గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేకపోవడం నాకు అస్సలు నచ్చలేదు. ఈ పనిలో కారు బాగా కుదుపుకి లోనవుతుంది. గట్టి నేల మీద, స్టాండు వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టాకే చేయి పెట్టాలి. వీలైతే స్టాండు సంగతీ, ఆ నట్టు సంగతీ వచ్చే సంచికలో సవరణగానైనా వేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు